పవర్ ఫాక్టరు: రెండు మీటర్లు, రెండు అంకెలు

మాఘమాసము ప్రవేశించునప్పటికి గుంటూరు, ప్రకాశం మైదానములలో రెండు పనులు ఒక్కసారే ముమ్మరమగును. జిన్నింగు మిల్లులలో రోలర్లు తిరుగుచు పత్తి నుండి గింజను వేరుచేయుచుండును. కల్లములలో ఎండిన మిరపకాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకో, ఊరి చుట్టునున్న కోల్డు స్టోరేజీలకో చేరుచుండును. అచ్చట సరుకు రంగు చెడకుండవలెనన్న అమోనియా కంప్రెసరు రేయింబవళ్లు పనిచేయవలెను. ఈ రెండు పనులకును ఆధారము విద్యుత్తు.

నెల తిరుగగనే బిల్లు వచ్చును; దానితోడనే ఒక తగవును వచ్చును. ఎలక్ట్రీషియను చేతిలోని మీటరు పవర్ ఫాక్టరు 0.98 అని చూపును. సరఫరాదారు బిగించిన మీటరు లెక్క 0.76 వద్ద తేలును. కెపాసిటర్లు చాలవు కాబోలునని యజమాని మరి రెండు కొని తగిలించును. అంకె మెరుగుపడదు సరికదా, కొన్నాళ్లకు ఆ కెపాసిటర్లే ఉబ్బి పగులును. ఈ రెండు మీటర్లలో ఏది అబద్ధమాడుచున్నది? తరచుగా ఏదియు కాదు. రెండును వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పుచున్నవి. ఆ భేదమును తెలిసికొనుటే నేటి మన పని.

మిరపకాయ తేలిక సరుకు. లారీ మోయగల బరువు నిండకముందే లారీలోని చోటు నిండిపోవును. విద్యుత్తునందును ఇట్టి రెండు లెక్కలు కలవు. నిజముగా పనికి వచ్చిన బరువు కిలోవాట్లు. అది ఆక్రమించిన చోటు కె.వి.ఏ., అనగా వోల్టులను ఆంపియర్లతో గుణించి వేయితో భాగింపగా వచ్చునది. కిలోవాట్లను కె.వి.ఏ.తో భాగించినచో వచ్చునదే పవర్ ఫాక్టరు. పాఠ్యగ్రంథములు దీనిని సామర్థ్య గుణకమనును. అది 1 అయినచో చోటంతయు సద్వినియోగమైనదన్నమాట. తీగెలను, ట్రాన్సుఫార్మర్లను వేడెక్కించునది ఈ చోటే. అందుచేతనే ఆంధ్రప్రదేశ్‌లో హైటెన్షను వాడుకదారులకు కె.వి.ఏ.హెచ్. యూనిట్ల మీద బిల్లు వేయుచున్నారు.

లారీలో చోటు రెండు విధముల వ్యర్థము కావచ్చును. టిక్కీలు చక్కనివే యైనను అడ్డదిడ్డముగ పేర్చుట యొకటి. టిక్కీల ఆకారమే వికృతమగుట రెండవది. మొదటిది మనకు చిరపరిచితము. మోటారు తనలో అయస్కాంత క్షేత్రమును నిలుపుకొనవలెను గనుక దాని కరెంటు వోల్టేజికన్న కొంత వెనుకబడి నడుచును. ఈ వెనుకబాటు కోణముగ గుర్తింపబడును. ఆ కోణపు కొసైనే పవర్ ఫాక్టరు అని మనము కళాశాలలో చదివికొన్నాము. నిండు బరువుతో నడుచునప్పుడు 0.85 ప్రాంతమున నుండు మోటారు, పత్తి అందక వట్టిగ తిరుగునప్పుడు 0.3కు దిగజారవచ్చును. కెపాసిటరు ఈ వెనుకబాటును సరిదిద్దును. అడ్డముగనున్న టిక్కీలను వరుసలో నిలుపును.

కాని ఆ కొసైన్ సూత్రమునకు ఒక షరతు కలదు. వోల్టేజి, కరెంటు రెండును చక్కని సైను తరంగములై యుండవలెను. నేటి యంత్రములలో ఈ షరతు నిలుచుట లేదు. మోటారు వేగమును మార్చు డ్రైవులు, కంప్యూటర్లు, యు.పి.ఎస్.లు, ఎల్.ఇ.డి. దీపములు మొదట విద్యుత్తును ఏకముఖ ప్రవాహముగ మార్చుకొనును. అవి వోల్టేజి శిఖరము నంటిన కొద్దిసేపు మాత్రమే గుక్కెడు గుక్కెడుగ కరెంటు త్రాగి, తక్కిన సమయమున ఊరకుండును. వెనుకబాటు లేదు, కాని తరంగపు ఆకృతి చెడినది. ఇది మరీ క్రొత్త సంగతియు కాదు. 1892లోనే స్టైన్‌మెట్జ్ ఆర్కు దీపములను పరిశీలించుచు, వెనుకబాటు లేకున్నను ఆకృతి భేదము చేతనే పవర్ ఫాక్టరు తగ్గునని గుర్తించెను. ఆనాడు అది ప్రయోగశాల విశేషము. నేడది ఇంటింటి సంగతి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఎల్.ఇ.డి. దీపముల పంపిణీ మొదలైన జిల్లాలలో గుంటూరు ఒకటి.

ఇప్పుడు మన తగవునకు వత్తము. ఒక మిల్లులో 100 కిలోవాట్ల బరువంతయు డ్రైవుల మీద నడుచుచున్నదనుకొందము. వెనుకబాటు కోణమును మాత్రమే చూచు మీటరు 0.98 చూపును. ఆ లెక్కన 102 కె.వి.ఏ. చాలవలెను. కాని కరెంటులోని వికృతి నూటికి 80 పాళ్లున్నచో, దాని వలన 0.78 అను మరియొక గుణకము చేరును. రెండింటిని గుణించిన 0.76 వచ్చును, కావలసిన చోటు 131 కె.వి.ఏ. ఇచట కెపాసిటరు ఎంత పెట్టినను ప్రయోజనము లేదు. ఆకారము చెడిన టిక్కీని వరుసలో నిలిపినంత మాత్రమున దాని ఆకారము మారునా? పైగా వికృతిలోని శీఘ్ర తరంగములు కెపాసిటరులోనికే ఎక్కువగ చొరబడి దానిని కాల్చును. డ్రైవునకు ముందు తగిన చోకు అమర్చి వికృతిని 40 పాళ్లకు దింపినచో గుణకము 0.91 అగును; 110 కె.వి.ఏ. సరిపోవును.

కావున సరియైన కొలత ఎట్లు? నిర్వచనమును పట్టుకొనుటే మార్గము. మంచి మీటరు వోల్టేజిని, కరెంటును ఒక్క క్షణముననే, సెకనుకు కొన్ని వేలసార్లు కొలుచును. ప్రతి జంటను గుణించి, నిండు ఆవర్తనముల మీద సగటు తీయును. అది కిలోవాట్లకు ఆధారము. పిమ్మట వోల్టేజి, కరెంటుల వర్గమధ్యమ మూలములను వేరుగ తీసి గుణించును, అది కె.వి.ఏ.కు ఆధారము. ఈ మార్గమున కోణముతో పనిలేదు, తరంగము ఎట్లున్నను చిక్కులేదు.

ఇందును మూడు పొరపాట్లకు తావు కలదు. చౌక క్లాంపు మీటరు కరెంటు సగటును చూచి, సైను తరంగమేయని భావించి 1.11తో హెచ్చించును, వికృత కరెంటును నూటికి పాతిక, ముప్పది పాళ్లు తక్కువగ చూపవచ్చును. కాబట్టి "ట్రూ ఆర్.ఎం.ఎస్." అను మాట యున్న మీటరునే కొనవలెను. రెండవది కరెంటు ట్రాన్సుఫార్మరు కోణపు దోషము. ఒక్క డిగ్రీ తేడా పవర్ ఫాక్టరు 0.95 వద్ద కిలోవాట్లలో నూటికి అరపాలు మించి కొద్దిపాటి తప్పు తెచ్చును, 0.2 వద్ద ఎనిమిదిన్నర పాళ్ల తప్పు తెచ్చును. వట్టిగ తిరుగు మోటారును కొలుచునప్పుడు దీనిని మరువరాదు. మూడవది, ఒక ఫేజు వోల్టేజికి మరియొక ఫేజు కరెంటును జతచేయుట. అప్పుడు మీటరు ఎంత మంచిదైనను ఫలితము వ్యర్థమే.

మరియొక సంగతి. చేతి మీటరు చూపునది ఆ క్షణపు అంకె. బిల్లు చూపునది నెల సగటు. సరుకు నిండిన దినమున కొలిచి, కంప్రెసరు అరకొరగ నడచిన నెలతో పోల్చుట న్యాయము కాదు.

మిల్లులు లేని గృహస్థులకు ఇందేమి కలదందురా? ప్లగ్గులో పెట్టినంతనే బిల్లు తగ్గునని చెప్పి కొందరు ఒక చిన్న పెట్టెను అమ్ముచుందురు. మోటారు నడుచుచుండగా దానిని తగిలించి, ఆంపియర్లు తగ్గుటను కండ్లారా చూపుదురు. ఆ తగ్గుదల నిజమే; లోన నున్నది కెపాసిటరు. కాని తగ్గినది చోటు, బరువు కాదు. ఇంటి బిల్లు బరువు మీద, అనగా కిలోవాట్ గంటల మీద పడును గనుక, ఆ పెట్టె వలన మీ బిల్లులో తగ్గునది లేదు. మీటరును చూచి మోసపోవుటకిది చక్కని నిదర్శనము.

యార్డులో రైతు కాటా ముల్లును మాత్రమే చూడడు. కాటా సున్న వద్ద నిలిచినదా, రాయి సరియైనదా యని కూడ చూచును. విద్యుత్తు మీటరు ఎదుటను మనకా మెలకువ అవసరము. కెపాసిటరు కొనకముందు మీ మీటరు కొలుచునది కోణమునో, మొత్తము గుణకమునో అడిగి తెలిసికొనుడు. ఆ ఒక్క ప్రశ్నకు ఖర్చు లేదు. అడుగకపోయిన ఖర్చు మాత్రము ప్రతి నెలయు బిల్లులో కనబడుచునే యుండును.