మనకు అప్పగింపబడిన తలాంతు



వృత్తివ్యాపారములను క్రైస్తవదృష్టితో పరిశీలించి నాలుగు మాటలు చెప్పుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మన సంఘమున గుడికి పోవువారును గలరు, చర్చికి పోవువారును గలరు. కావున మతప్రచారము మా యుద్దేశము కాదు. పనిని గూర్చి ఆ ధర్మము చెప్పునది జీడిమెట్లలో బ్రతుకు వెళ్లబుచ్చు మనకు ఎట్లు పనికివచ్చునో అంతమాత్రమే విన్నవింతుము.

మత్తయి సువార్తలో ఒక కథ కలదు. ఒక యజమానుడు దేశాంతరము పోవుచు ముగ్గురు సేవకులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులను అప్పగించెను. తలాంతు అనగా నాటి తూనిక. అంత వెండి కూలివాని యించుమించు ఇరువదియేండ్ల వేతనమునకు సమానము. మొదటి యిద్దరును వ్యాపారము చేసి సొమ్మును రెట్టింపు చేసిరి. మూడవవాడు భయపడి నేలలో పాతిపెట్టెను. వాడు దొంగిలింపలేదు, దుబారా చేయలేదు. అయినను నిందకు పాలైనవాడు వాడే. నేడు హైటెక్ సిటీలో ప్రతి నోటను వినబడు ‘టాలెంటు’ అను మాటకు నేర్పు అను అర్థము ఈ కథనుండియే కలిగినది. నేర్పు మన సొత్తు కాదు, అప్పగింత. దానికి లెక్క చెప్పవలయును. ఈ దృష్టికి ఇదియే మూలము.

మన పొరుగుననే దీనికి దృష్టాంతము కలదు. 1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. సంస్థ సోవియట్ దేశపు సహాయముతో బాలానగరున ఔషధ కర్మాగారమును నెలకొల్పెను. 1996లో అచ్చట ఉత్పత్తి నిలిచిపోయెను. అయినను కర్మాగారముతో నేర్పు మూతపడలేదు. అచ్చట పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1975లో బయటికి వచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. అచ్చట పని నేర్చిన మరికొందరును నగరమున ఔషధ పరిశ్రమలను నెలకొల్పిరి. సంస్థ పేరు శాశ్వతము కాదు; చేతిలోని విద్యయే వెంటవచ్చును. అయితే ఆ విద్యకు కాలానుగుణముగా పదును పెట్టుచుండవలయును. తండ్రి లేతు మిషనుపై సంపాదించిన నేర్పును కుమారుడు కంప్యూటరు నడపు యంత్రమునకు మార్చుకొననిచో, అది పాతిపెట్టిన వెండియే యగును.

ఏకాగ్రతకు పౌలు జీవితమును చూడుడు. ఆయన మహాబోధకుడయ్యును కొరింథు నగరమున అకుల, ప్రిస్కిల్ల అను దంపతులతో కూడి గుడారములు కుట్టి జీవించెను. చేతిపని ఆయనకు చిన్నతనము కాలేదు. ఆరుదినములు పనిచేసి ఏడవదినము విశ్రమింపవలెనను నియమమును ఏకాగ్రతకు తోడ్పడునదియే. రేయింబవళ్లు ఫోనునకు లోబడిన మనస్సు ఏ పనియందును నిలువదు.

లాభమును ఈ ధర్మము నిషేధింపలేదు. తప్పుడు తూనికను, కూలివాని వేతనమును బిగబట్టుటను నిషేధించినది. జీడిమెట్లలో కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయుటకు ఉమ్మడి కేంద్రము ఏర్పడియున్నది. అచ్చటికి పంపుటకగు వ్యయమును తప్పించుకొనుటకై రాత్రివేళ నాలాలోనికి వదలుటయు తప్పుడు తూనికయే. ఆ మిగులును మన లాభముగా వ్రాసికొందుము. నష్టమును దిగువనున్నవాడు భరించును.

పోషకులకు ఒక్క మనవి. ఏటేట మనము అధికమార్కులు పొందిన విద్యార్థులను సన్మానించుచున్నాము, అది యుక్తమే. కాని వారు ఐదు తలాంతులవారు. పదవతరగతి తప్పి, ఏదో షెడ్డులో సహాయకుడుగా చేరి, తనకేమియు రాదని భయపడు బాలుడు ఒక్క తలాంతువాడు. కథలో చెడినవాడు అట్టివాడే. కర్మాగారము గల ప్రతి సభ్యుడును ఏటికి ఒక్క బాలునికైనను వేతనమిచ్చి, దగ్గరనుండి ఒక పని పూర్తిగా నేర్పునేని, వచ్చు మహాసభలో ఆ బాలురను గూడ ఈ వేదికపై నిలువబెట్టగలము. మనకప్పగింపబడిన దానికి అదియే మనము చెప్పదగిన లెక్క.