లేజర్ తర్వాత కళ్ళు పొడిబారితే

లాసిక్ లేజర్ ఆపరేషన్‌తో కళ్ళజోడు పోయింది, కానీ కంట్లో ఇసుక పడ్డట్టు గరగర తగ్గడం లేదా? ఆ ఆపరేషన్‌లో కార్నియా పొరలోని సన్నని నరాలు తెగుతాయి. కన్ను ఎండిందన్న కబురు మెదడుకు సరిగా అందదు. కన్నీరు తగ్గుతుంది. చాలామందికి ఏడాదిలోపు సర్దుకుంటుంది.

సర్దుకోకపోతే? మొదట కృత్రిమ కన్నీటి చుక్కలు. మాటిమాటికీ వేసుకోవాల్సి వస్తే, ప్రిజర్వేటివ్ లేనివే కొనండి. రెప్పల అంచున నూనె గ్రంథులు మూసుకుపోతే వేడి కాపడం. కంటి పైపొరలో వాపు ఉంటే సైక్లోస్పోరిన్ చుక్కలు. ఇవి కాస్త మండుతాయి, గుణం కనబడటానికి నెలలు పడుతుంది. మధ్యలో మానేయకండి. కన్నీరు జారిపోయే రంధ్రానికి చిన్న బిరడా పెట్టడం ఇంకో దారి. అదీ వాపు తగ్గాకే మేలు.

మీకు ఏది ముందో పరీక్ష చేసిన డాక్టరే చెప్పాలి. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా కొని వేసుకోకండి. కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు.