ఇంగ్లీషు వైద్యులకు చైనా పాఠాలు



ఇంగ్లీషు వైద్యం చదువుతున్న పిల్లలకు చైనావారి పాతకాలపు వైద్యాన్ని కూడా పరిచయం చెయ్యటం ఎందుకు అన్నది ఈనాటి నా ప్రసంగం. ఎక్కడో చైనా సంగతి మనకెందుకు అనుకోకండి. “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అని డాక్టరుగారు అడిగితే, పొద్దున తాగిన కషాయం మాట మింగేసి “లేదండీ” అనేవాళ్ళు మనలో ఎంతమంది లేరు! చెబితే కసురుతారేమోనని జంకు. ఈ జంకు అన్ని దేశాల్లోనూ వుంది.

చైనాలో 1955లో బీజింగ్‌లో సంప్రదాయ వైద్యానికి ఒక పరిశోధనాలయం పెట్టారు. ఇంగ్లీషు పద్ధతిలో చదువుకున్నవారిని కూర్చోబెట్టి పాత వైద్యం నేర్పించారు. అలా 1959 నుంచి రెండున్నరేళ్ళు చదివినవారిలో తూ యూయూ అనే ఆవిడ ఒకరు. ఆవిడ అసలు చదువు మందుల తయారీ శాస్త్రం. 1969లో మలేరియాకు మందు వెతికే పని ఆవిడకు అప్పగించారు. భర్తను ప్రభుత్వం దూరప్రాంతానికి పంపేసింది. ఇద్దరు చిన్నపిల్లలు. ఒకరిని శిశుసదనంలో, మరొకరిని అమ్మమ్మగారింట్లో వదిలి పనిలోకి దిగిందా తల్లి.

పాత గ్రంథాలు తిరగేసి ఎన్నో మూలికలు పరీక్షించారు. ఒక ఆకు ఒకసారి పనిచేసినట్టే వుండి మరోసారి చెయ్యకపోయేది. చివరికి పదహారు వందల ఏళ్ళనాటి ఒక చిట్కాల పుస్తకంలో దారి దొరికింది. ఆ ఆకును నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని అందులో వుంది. కాచమని లేదు! పసరు తీయడానికీ కషాయం కాచడానికీ తేడా మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. వేడికి గుణం పోతోందేమోనని ఆవిడకు తట్టింది. తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసి చూస్తే పనిచేసింది. 1972లో రోగులకిచ్చే ముందు ఆవిడా, తోటివారూ తామే మింగి చూసుకున్నారు. ఆ మందే ఆర్టిమిసినిన్. 2015లో ఆవిడకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మొక్క, వినాయక చవితినాడు మనం పూజకు తెచ్చే మాచిపత్రి జాతిదే.

ఇంతకీ ఆ పాఠాల్లో ఏం చెబుతారు? రోగిని చూడటం, వినటం, అడగటం, తాకటం. నాలుక రంగు, పైన పూత చూస్తారు. మణికట్టు దగ్గర మూడు వేళ్ళు ఆనించి నాడి పడతారు. సూది పొడిచే చోటు కొలవడానికి రోగి బొటనవేలి వెడల్పే కొలత. మన ఆయుర్వేదంలోనూ రోగి అంగుళమే కదా ప్రమాణం! పచ్చి అల్లం ఒక మందు, శొంఠి ఇంకో మందు అంటారు వాళ్ళూ.

సూదుల వైద్యం మన దేశానికి వచ్చిన దారీ ఇలాంటిదే. 1938లో చైనాకు వెళ్ళిన మన వైద్యబృందంలో డాక్టర్ కోట్నిస్‌తోపాటు డాక్టర్ విజయకుమార్ బసు వున్నారు. ఆయన తర్వాత మళ్ళీ వెళ్ళి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టారు. అయితే సూదులు సర్వరోగ నివారిణి అని మాత్రం అనుకోకండి. ఆపరేషన్ తర్వాతా, కాన్సర్ మందుల వల్లా వచ్చే వాంతులకు పనిచేస్తాయని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు ఒప్పుకున్నారు. చాలా జబ్బుల్లో ఉత్తుత్తి సూదికీ అసలు సూదికీ పెద్ద తేడా కనిపించలేదు. ఈ రెండు మాటలూ విద్యార్థులకు కలిపి చెప్పాలని నా అభిప్రాయం. ఒకటే చెబితే గుడ్డి నమ్మకమో, వెక్కిరింతో మిగులుతుంది.

ఇక బెల్జియం సంగతి వినండి. బ్రస్సెల్స్‌లో ఒక క్లినిక్కులో లావు తగ్గడానికి ఆకలి మందగించే ఇంగ్లీషు మాత్రలతోపాటు చైనా మూలికల పొడి కూడా ఇచ్చారు. 1990ల మొదట్లో కిడ్నీలు పాడైన ఆడవాళ్ళు ఆసుపత్రికి రాసాగారు. యాభై ఏళ్ళు కూడా నిండనివాళ్ళు. వారిలో ఇద్దరు అదే క్లినిక్కులో మందు వాడారని డాక్టర్లు పసిగట్టారు. ఆరా తీస్తే ఒక్కొక్కరూ బయటపడ్డారు. చివరికి లెక్క వందకు పైనే తేలింది. కొందరికి డయాలిసిస్, కొందరికి కిడ్నీ మార్పిడి. జరిగిందేమిటంటే, ‘హాన్ ఫాంగ్ జీ’ అనే వేరు బదులు ‘గ్వాంగ్ ఫాంగ్ జీ’ అనే వేరు పడింది. పేర్లు ఇంచుమించు ఒకటే, మొక్కలు వేరు. రెండోది మన పొలాల్లో దొరికే గాడిదగడపాకు జాతిది. కిడ్నీకి విషం. నాజూగ్గా వుండాలన్న చిన్న కోరిక ఆ అమ్మాయిలకు ఎంత పని చేసింది!

ఆ డాక్టర్లు అడగబట్టి గుట్టు తెలిసింది. అందుకే కుర్ర డాక్టరుకు యిన్, యాంగ్ వల్లె వేయించటం కన్నా, రోగిని చులకన చెయ్యకుండా అడగటం నేర్పటం ముఖ్యమంటాను. అడిగినా, జవాబు విని అర్థం చేసుకోవాలంటే ఆ మందుల పేర్లు కాస్త తెలిసి వుండాలి మరి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే రోగి ‘దాన్‌షెన్’ అనే చైనా వేరు కూడా తీసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. చైనా మందుల్లో తరచూ పడే అతిమధురం మన ఇళ్ళల్లోనూ వుంటుంది. దగ్గుకు ఒకటి రెండు రోజులు చప్పరిస్తే ఫరవాలేదు గాని, వారాల తరబడి ఎక్కువగా వాడితే రక్తపోటు పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బి.పి. మాత్రలు వేసుకునేవారు ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే పొడులూ, లేహ్యాలూ ఒక సంచీలో వేసుకుని వెళ్ళండి. పేరు రాసిన కాగితం వుంటే అదీ పట్టుకెళ్ళండి.