మన చేయి: నిర్మాణం, తగిలే దెబ్బలు, తీసుకోవలసిన జాగ్రత్తలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏదైనా చదువుకు సంబంధించిన విషయం చెప్పమని పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము బడిలో సైన్సు చెప్పేవాళ్లం. అందుకని ఈసారి చేయి గురించి చెప్తామన్నాం. మన కుటుంబాల్లో ఎక్కువమంది రెక్కల కష్టం మీద బతికేవాళ్లే. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవారు, వెల్డర్లు, మెకానిక్కులు ఉన్నారు. వన్‌టౌన్‌లో మూటలు మోసేవారు, దర్జీలు ఉన్నారు. ఇంట్లో కుట్టుమిషను మీద పనిచేసే ఆడవాళ్లున్నారు. గుడివాడ, బందరు, అవనిగడ్డ వైపు నుంచి వచ్చినవారిలో పొలం పనులు చేసేవారున్నారు. వీళ్లలో ఎవరి చేయి విరిగినా ఆ ఇంట్లో మరుసటి రోజు నుంచే రాబడి ఆగిపోతుంది. సరైన సమయంలో సరైన చోటికి వెళ్తే కొద్ది వారాల్లో బాగయ్యే దెబ్బ, ఆలస్యం చేస్తే జన్మంతా ఉండే అవిటితనమవుతుంది. ఆ తేడా తెలియజేయడమే మా ఉద్దేశం.

చేయి ఎలా కట్టి ఉంది

కూర్చున్నచోటే కుడిచేయి ముందుకు చాపండి. పెద్దవారి ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో ఒక్కో చేతికి 32 చెందుతాయి. మెడ కింద అడ్డంగా తగిలేది జత్రుక, అంటే కాలరు ఎముక. వీపు వైపున్నది రెక్క ఎముక. భుజం నుంచి మోచేతి దాకా ఒకే ఒక్క ఎముక, భుజాస్థి. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు: బొటనవేలి వైపున్నది రత్ని, చిటికెన వేలి వైపున్నది అరత్ని. మణికట్టులో గులకరాళ్లలాంటివి ఎనిమిది, అరచేతిలో అయిదు, వేళ్లలో పద్నాలుగు. లెక్క సరిపోయిందా? పిల్లలు వేళ్ల మీద కూడుకోండి.

ఇప్పుడు అరచేయి పైకి పెట్టి, తర్వాత బోర్లించండి. పైకి ఉన్నప్పుడు రెండు ఎముకలూ పక్కపక్కనే ఉంటాయి. బోర్లించగానే రత్ని అరత్ని మీదుగా అడ్డం తిరుగుతుంది. స్క్రూడ్రైవరు తిప్పేది, తాళం తీసేది, అన్నం కలిపి ముద్ద నోటికి తెచ్చేది ఈ తిరుగుడుతోనే. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంటే మొదట పోయేది ఇదే.

భుజం దగ్గరున్నది బంతిగిన్నె కీలు. గిన్నె లోతు చాలా తక్కువ కాబట్టి చేయి అన్ని వైపులకూ తిరుగుతుంది. ఆ కారణంగానే తేలిగ్గా జారిపోతుంది కూడా. మోచేతిది ప్రధానంగా తలుపు బందులాంటి మడతబందు కీలు.

ఇంకో పరీక్ష చేద్దాం. ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడిచేతి వేళ్లు ఆడించండి. కదులుతున్న కండరాలు ముంజేతిలో తెలుస్తాయి. వేళ్లను ముడిచి చాపే పెద్ద కండరాలు వేళ్లలో లేవు. ముంజేతి కండరాల నుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు మీదుగా వేళ్ల దాకా వెళ్తాయి. తోలుబొమ్మ ఆడించే దారాల్లాంటివి అవి. అందుకే మణికట్టు దగ్గర గాజుముక్క గీసుకుంటే గాయం చిన్నదే కదా అని కట్టు కట్టి ఊరుకోకూడదు. ఒక్కో వేలూ ముడవగలుగుతున్నారా, చాపగలుగుతున్నారా చూడాలి. ఒక్కటి కదలకపోయినా తాడు తెగిందేమోనని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చేతిలో ముఖ్యమైన నరాలు మూడు. ఒకటి భుజాస్థి వెనక చుట్టుకుని దిగుతుంది. రెండోది మోచేతి లోపలి వైపు, ఎముక వెనగ్గా పోతుంది. మోచేయి గోడకు తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు చిటికెన వేలి దాకా జివ్వుమనేది దాని వల్లే. మూడోది మణికట్టు ముందు వైపు నుంచి అరచేతిలోకి వెళ్తుంది. ఈ మూడింటినీ చూడటానికి పిల్లలకు మేము నేర్పే పద్ధతి ఇది: బొటనవేలు పైకెత్తమనండి, బొటనవేలు చూపుడువేలు కలిపి సున్నా చుట్టమనండి, అయిదు వేళ్లూ విడదీయమనండి. దెబ్బ తగిలినవారు ఈ మూడింటిలో ఏది చేయలేకపోయినా ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

మన ప్రాంతంలో ఎక్కువగా చూసే దెబ్బలు

పడిపోతున్న మనిషి చేయి చాపి నేల మీద ఆనిస్తాడు. అది సహజం. ఆ బరువంతా అరచేతి నుంచి పైకి పోతుంది. వయసును బట్టి విరిగే చోటు మారుతుంది.

మామిడిచెట్టు ఎక్కి, బడి గోడ దూకి పడే అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు మోచేతికి కాస్త పైన, ఎముక పలుచగా ఉన్నచోట విరుగుతుంది. చేతికి రక్తం తెచ్చే పెద్ద ధమని సరిగ్గా దాని ముందు నుంచే పోతుంది. అందుకే పిల్లల దెబ్బల్లో దీన్ని మించి తొందరపడవలసింది మరొకటి లేదు.

చితకకుండా, పడకుండా కూడా పిల్లల మోచేయి తప్పవచ్చు. రోడ్డు దాటేటప్పుడు రెండు మూడేళ్ల బిడ్డను ఒక్క చేయి పట్టి గుంజితే రత్ని తల తన పట్టీ నుంచి కొంచెం జారుతుంది. బిడ్డ ఏడ్చి, ఆ చేయి వాడకుండా వేలాడేస్తుంది. డాక్టరు నిమిషంలో సరిచేస్తారు. ఇంట్లో ఎవరూ లాగి చూడకూడదు. బిడ్డను ఎత్తేటప్పుడు చంకల కింద పట్టి ఎత్తండి.

బైకు మీద నుంచి పడే కుర్రవాళ్లకు జత్రుక విరగడం, గూడ జారడం ఎక్కువ. ఇంకొకటుంది. బొటనవేలు బాగా చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది. పడిన తర్వాత ఆ గుంటలో నొక్కితే నొప్పి పుడితే మణికట్టులోని చిన్న ఎముక చిట్లి ఉండవచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొస నుంచే అందుతుంది కాబట్టి వదిలేస్తే అతుక్కోకుండా మిగిలిపోతుంది. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, బెణికింది’ అనుకుని ఊరుకోకండి. డాక్టరు పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్లీ రమ్మంటే వెళ్లండి.

వించిపేట, చిట్టినగర్ వైపు కొండమీద ఇళ్లున్నవారికి వానాకాలం మెట్ల సంగతి మేము చెప్పనక్కరలేదు. యాభై దాటిన అమ్మలు జారి చేయి ఆనిస్తే మణికట్టు దగ్గర రత్ని విరిగి, చేయి బోర్లించిన ఫోర్కులా వంగుతుంది. ఎక్స్‌రే పుట్టకముందే, 1814లో, ఐర్లండు వైద్యుడు అబ్రహాం కోలిస్ ఈ విరుగుడును వర్ణించాడు. ఇలా విరిగిందంటే ఎముకలు గుల్లబారాయేమో కూడా చూపించుకోవాలి.

ఆడపిల్లలకు ఒక మాట. బైకు వెనక కూర్చున్నప్పుడు బురఖా అంచు, చున్నీ చక్రంలో చుట్టుకుంటే మనిషిని కిందికి లాగేస్తాయి. అంచులు ఒళ్లోకి తీసి పట్టుకోండి. వెనక చక్రానికి చీరగార్డు లేని బండి ఎక్కకండి.

యంత్రంలో వేలు తెగితే గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి పట్టాలి. తెగిన ముక్కను తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టాలి. ముక్కను నేరుగా ఐసులో గానీ నీళ్లలో గానీ వేయకూడదు. మనిషితో పాటే తీసుకుపోవాలి.

కట్టు గురించి

పుత్తూరు కట్టు పేరు తెలియనివారు మన రాష్ట్రంలో లేరు. పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టే ఆ విద్య తరతరాలుగా వస్తున్నది. చదరకుండా విరిగిన ఎముక కదలకుండా ఉంటే తనంతట తానే అతుక్కుంటుంది. అందుకే చాలామందికి మేలు జరిగింది. దాన్ని మేము కించపరచం. అయితే ఆ పేరు బోర్డు మీద రాసుకున్న ప్రతివారికీ ఆ విద్య రాదు. ఎక్స్‌రే చూడకుండా, పిల్లవాడి మోచేతికి బిగించి కట్టడం ప్రమాదం.

విరిగిన చేయి లోపల వాస్తుంది. పైన కట్టు సాగదు. రక్తం అందడం ఆగిపోతుంది. ఆరు గంటలు దాటితే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. తర్వాత వేళ్లు గోళ్లలా ముడుచుకుపోయి ఇక తెరుచుకోవు. 1881లో జర్మనీ సర్జను వోక్‌మన్ బిగుతు కట్టు వల్ల వచ్చే ఈ అవిటితనాన్ని వివరించాడు. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు వల్ల కూడా ఇది రావచ్చు. కాబట్టి కట్టు ఎవరు వేసినా తల్లిదండ్రులు ఆ రాత్రి నిద్రపోకుండా చూడవలసినవి ఇవి: వేళ్లు చల్లబడుతున్నాయా, పాలిపోతున్నాయా, నీలంగా మారుతున్నాయా, తిమ్మిరెక్కుతున్నాయా, వేళ్లను మనం మెల్లగా చాపితే భరించలేని నొప్పి వస్తున్నదా. వీటిలో ఏది ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే వెళ్లి కట్టు విప్పించండి. ‘కట్టు విప్పితే ఎముక కదులుతుంది’ అని ఎవరైనా అంటే వినకండి. ఎముకను మళ్లీ కూర్చోబెట్టవచ్చు. చచ్చిన కండరాన్ని బతికించలేం.

ఈ శాస్త్రంలో మన పూర్వీకుల పాలు తక్కువేమీ కాదు. వెయ్యేళ్ల కిందట స్పెయిన్‌లో కార్డోబా దగ్గర అల్ జహ్రావీ తన వైద్య గ్రంథం చివరి భాగంలో విరిగిన ఎముకలకు, తప్పిన కీళ్లకు ప్రత్యేక అధ్యాయాలు రాశాడు. 1200 ప్రాంతంలో ఈజిప్టులో కరువు వచ్చినప్పుడు అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ అస్థిపంజరాలను స్వయంగా పరిశీలించి, కింది దవడ రెండెముకలని గాలెన్ రాసింది సరికాదని, అది ఒక్కటేనని చెప్పాడు. అంత గొప్పవాడు రాసినా కళ్లారా చూసి తేల్చుకున్నాడు. ఇప్పుడు మనకు 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రే ఉంది. చూసి కట్టించుకుందాం.

దెబ్బ తగలగానే

ఉంగరాలు, గాజులు, వాచీ ముందుగా తీసేయండి. వాచిన తర్వాత రావు. చేయి ఎలా ఉందో అలాగే, మడిచిన అట్టగానీ స్కేలుగానీ ఆసరా పెట్టి, చున్నీతోనో తువ్వాలుతోనో మెడకు వేలాడగట్టండి. లాగడం, మర్దన చేయడం, వేడి కాపడం పెట్టడం వద్దు. ఆపరేషను అవసరమవుతుందేమో కాబట్టి డాక్టరు చూసేదాకా తినడానికి, తాగడానికి ఇవ్వకండి. ఎముక బయటికి కనిపిస్తుంటే శుభ్రమైన గుడ్డ కప్పి 108కు ఫోను చేయండి. 2005 నుంచి ఆ బండి మన రాష్ట్రంలో ఉచితంగానే తిరుగుతోంది.

పిండికట్టు ఉన్నవారు వజూ కోసం కట్టు తడుపుకుని పాడుచేసుకోవడం, కొందరైతే ముందుగానే కోయించుకోవడం విన్నాం. కట్టు మీద తడిచేత్తో మసహ్ చేసే వెసులుబాటు ధర్మంలోనే ఉంది. వివరాలు మన ఆలిములను అడగండి.

కట్టు విప్పాక చేయి బిగుసుకుపోయి ఉంటుంది. వ్యాయామం చేయిస్తేనే అది మళ్లీ పనిలోకి వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆపరేషనుకు ప్రభుత్వ పథకం కార్డు పనికొస్తుంది, కానీ రోజూ ఫిజియోథెరపీకి వెళ్లడానికి ఆటో ఖర్చుండదు, కూలి పోతుంది. అందుకని సంఘం పెద్దలకు రెండు విన్నపాలు. ఒకటి, ఈ ఏడాది సహాయనిధిలో కొంత భాగం చేతి దెబ్బలు తగిలిన కూలీల కుటుంబాలకు దారిఖర్చులు, ఆ వారాల బియ్యం, పప్పుల కోసం కేటాయించండి. రెండు, మన ట్యూషన్ కేంద్రాల్లో ఏడాదికి ఒక పూట ప్రథమ చికిత్స నేర్పించండి. చెప్పడానికి మా ఉపాధ్యాయులం వస్తాం. రుసుము ఏమీ అక్కరలేదు. నాలుగు తువ్వాళ్లు, నాలుగు అట్టముక్కలు ఉంటే చాలు.

అల్లాహ్ మన చేతులకు బలాన్ని, మన ఇళ్లకు క్షేమాన్ని ప్రసాదించుగాక.