ఎర్రర్ చూపించే టూలే కొనండి

పట్టా అందుకుంటున్న బీకాం విద్యార్థులందరికీ అభినందనలు.

స్నాతకోత్సవంలో జీవితం గురించి చెప్పడం ఆనవాయితీ. నేను ఉద్యోగంలో మొదటి వారం గురించే చెబుతాను. మీలో చాలామంది త్వరలో రాణిగంజ్‌లోనో, జనరల్ బజార్‌లోనో, ఏ ఆడిట్ ఆఫీసులోనో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీ ముందు కూర్చుంటారు. ఓనరు గారు పెన్‌డ్రైవ్ చేతికిచ్చి, "ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు, అమ్మకాలు అన్నీ ఇందులో ఉన్నాయమ్మా, టాలీలోకి ఎక్కించెయ్" అంటారు. చేత్తో కొడితే నెల పడుతుంది. ఇంపోర్ట్ టూల్ ఉంటే పూటలో పని. ఏ టూల్ కొనాలో కూడా మిమ్మల్నే అడుగుతారు, కంప్యూటర్స్ చదివారు కదా అని.

ఒక లెక్కను ఇంకో లెక్కలోకి మార్చడం హైదరాబాద్‌కు కొత్త కాదు. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. కంటోన్మెంటు వైపు బ్రిటిష్ రూపాయి నడిచేది. ఏడు హాలీలకు ఆరు బ్రిటిష్ రూపాయలు. ట్యాంక్‌బండ్‌కు అటొక లెక్క, ఇటొక లెక్క. తర్వాత 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అణా అంటే ఆరుంపావు నయాపైసలు; ఆ పావు ఎవరి పద్దులో పడాలన్నదీ తగవే. అయితే గుమాస్తా ఒక్కో పద్దూ చూసి మార్చేవాడు కాబట్టి తేడా వస్తే కళ్లబడేది. ఇప్పుడు పదివేల పద్దులు ఒక్క క్లిక్కుతో వెళ్లిపోతాయి, ఎవరూ చూడరు.

కొనేముందు అసలు కొనే అవసరం ఉందా చూడండి. టాలీ మొదలైందే 1986లో బెంగళూరులో, తండ్రి శ్యాంసుందర్ గోయెంకా వ్యాపార లెక్కల కోసం కొడుకు భరత్ గోయెంకా రాసిన ప్రోగ్రాంతో. చాలాకాలం దానిలోకి బయటి డేటా ఎక్స్‌ఎంఎల్ రూపంలోనే ఎక్కువగా ఎక్కేది. అందుకే ఎక్సెల్‌ను ఎక్స్‌ఎంఎల్‌గా మార్చే టూల్స్‌కు అంత గిరాకీ. 2023 చివర్లో వచ్చిన టాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ ఫైల్ నేరుగా ఎక్కుతోంది. చిన్న షాపుకు అది చాలు. ఈ ముక్క మీకు టూల్ అమ్మేవారు చెప్పరు.

అది చాలనప్పుడు బయటి టూల్ చూడాలి. అందరూ అడిగేది ఎంత వేగం అని. నేనైతే అది దేన్ని వద్దంటుంది అని అడుగుతాను.

మసాలా దినుసుల హోల్‌సేల్ షాపు తీసుకోండి. జీఎస్‌టీ కోసం సరుకును గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ టీపొడికి 0902, మిరియాలకు 0904, పసుపుకు 0910. ఎక్సెల్‌కు ముందు సున్నా అంటే గిట్టదు. 902, 904, 910 చేసి కూర్చుంటుంది. మంచి టూల్ అక్కడ ఆగి, ఈ కోడ్ లేదంటుంది. చెడ్డది కిమ్మనకుండా మింగేస్తుంది. తేదీలది ఇంకా దారుణం. కంప్యూటర్ నెల ముందు రాసే అమెరికా పద్ధతిలో ఉంటే మే 4 కాస్తా ఏప్రిల్ 5 అవుతుంది. 12వ తేదీ దాటితే పదమూడో నెల ఉండదు కాబట్టి ఎర్రర్ వస్తుంది. 12 లోపువి మాత్రం చప్పుడు లేకుండా వేరే నెలలో పడతాయి. 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు 4.12 ఈ ప్లస్ 11గా కనబడుతుంది. ఆ ఫైల్‌ను సీఎస్‌వీగా సేవ్ చేస్తే మిగతా అంకెలు గోవిందా.

ఆ నంబరు ఎందుకంత ముఖ్యమంటే, ఒకే స్టేట్‌మెంట్ రెండుసార్లు ఎక్కకుండా ఆపేది అదే. కొన్ని టూల్స్ తేదీ, మొత్తం ఒకటైతే చాలు డూప్లికేట్ అని తీసేస్తాయి. ఒకే పార్టీ ఒకే రోజు రెండుసార్లు ఐదేసి వేలు పంపితే? ఒక ఐదు వేలు మాయం, ఆ పార్టీ మీద లేని బాకీ.

పేరు దొరక్కపోతే ఏం చేస్తుందో కూడా చూడండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత షాపుల్లో లెడ్జర్ ఇంకా ఆంధ్రా బ్యాంకు పేరుతోనే ఉంటుంది, స్టేట్‌మెంట్ యూనియన్ బ్యాంకుది. అతితెలివి టూల్ కొత్త లెడ్జర్ తెరిచేస్తుంది. పుస్తకాల్లో రెండు బ్యాంకులు, ఖాతా మాత్రం ఒక్కటే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2కి ముందు తెరిచిన లెడ్జర్లలో హైదరాబాద్ పార్టీల రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అనే ఉండేది. ఆ లెడ్జర్లు దిద్దకుండా టాలీలో కొత్త కంపెనీలోకి ఎక్కిస్తే, రాణిగంజ్ నుంచి కోఠీకి అమ్మిన మోటారుకు రాష్ట్రంలోపలి అమ్మకాలకు పడే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ బదులు వేరే రాష్ట్రానికి పడే ఐజీఎస్‌టీ పడుతుంది. అలాగే కట్టేస్తే, సరైన పద్దు కింద మళ్లీ కట్టి, ముందు కట్టినదానికి రిఫండ్ కోసం తిరగాలి. జీఎస్‌టీ నంబరు మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. రాష్ట్రం గడినీ ఈ రెండంకెలనూ పోల్చి చూసే టూల్ దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా కొనండి.

ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం ఏ టూలూ చెప్పదు. ఎస్పీ రోడ్డులోని మేఫెయిర్ సెంటర్ ఒకప్పుడు సత్యం కంప్యూటర్స్ రిజిస్టర్డ్ ఆఫీసు. 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివే. దొంగ స్టేట్‌మెంట్ కూడా ఒక్క ఎర్రర్ లేకుండా ఇంపోర్ట్ అవుతుంది. అందుకే స్టేట్‌మెంట్ బ్యాంకు సైట్ నుంచే దింపుకోండి. ఎవరో దిద్దిన ఎక్సెల్ తీసుకోవద్దు. ఉచితంగా పీడీఎఫ్ మార్చిపెడతామనే ఊరూపేరూ లేని సైట్లలో ఓనరు గారి లావాదేవీలు పెట్టకండి.

తప్పుగా ఎక్కితే తీసేద్దాంలే అనుకోకండి. కంపెనీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పునూ నమోదు చేసే సాఫ్ట్‌వేరే వాడాలి, ఆ నమోదును ఆపేసే వీలుండకూడదు. మీరు ఎక్కించి తుడిచిన నాలుగువేల ఓచర్లూ ఆడిటర్‌కు కనబడతాయి. ముందు బ్యాకప్ తీసి, కాపీ కంపెనీలో ఎక్కించి, బ్యాంకు ముగింపు నిల్వ స్టేట్‌మెంట్‌తో పైసలతో సహా కలిశాకే అసలు కంపెనీ జోలికి వెళ్లండి. తేడాను సస్పెన్స్ ఖాతాలో తోసి చేతులు దులుపుకొనే పని మాత్రం వద్దు.

డెమోకు వచ్చినవాళ్లు తమ శుభ్రమైన ఫైల్ తెచ్చి చూపిస్తారు. మీరు మీ షాపులో అన్నిటికంటే చెత్తగా ఉన్న ఫైల్ ఇవ్వండి. ఎన్ని పద్దులు ఎక్కాయో కాదు, ఎన్ని ఆగాయో, ఎందుకు ఆగాయో జాబితా అడగండి. ఆ జాబితా ఇవ్వలేని టూల్ ఎంత చవగ్గా వచ్చినా వద్దని ఓనరు గారికి చెప్పండి. ఆయన వినకపోతే, అదే మాట ఈమెయిల్‌లో రాసి పంపి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.