ఫులేరాలో వాడ ఎక్కడుంది?

(వాడ యువకులూ, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లూ కూర్చున్న సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)

 

ఇయ్యాల మనం మాట్లాడుకునేది ఫోన్లో చూసే సీరియళ్ల గురించి. ‘ఇన్ని పనులుండగా ఇదేం ముచ్చట?’ అని పెద్దలు కొందరు ముందే అడిగారు. అడగాల్సిందే. మన పిల్లలు కూలి నుంచి, కాలేజీ నుంచి వచ్చి రాత్రి రెండు గంటలు చూసేది వాటినే. ఊరంటే ఏంటో, పంచాయతీ అంటే ఏంటో, అందులో మనమెవరమో వాళ్లకు చెప్తున్నవి అవే. వాటి మీద మనకంటూ ఒక అభిప్రాయం ఉండొద్దా?

1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు ఊరికి ఒకటో రెండో టీవీలు. ఆ టీవీ ఎవరి వాకిట్లో ఉండేదో, వాడ నుంచి వెళ్లినవాళ్లు ఎక్కడ నిలబడి చూశారో ముసలివాళ్లను అడగండి, చెప్తారు. 2016లో జియో వచ్చి నెట్ చవకైంది. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ మన దేశంలో మొదలైందీ ఆ ఏడాదే. 2020లో తెలుగులో ఆహా వచ్చింది. ఇప్పుడు ఎవరి వాకిట్లోనూ నిలబడక్కర్లేదు. అది మంచిదే, కాదనం. కానీ ఎవరి చెవిలో ఇయర్‌ఫోన్లు వాళ్లు పెట్టుకొని చూస్తున్నాం. చూసినదాని మీద నలుగురం కూర్చొని వాదులాడుకోవడం పోయింది. బాగుందో బాగాలేదో చెప్పే పని పట్నంలో రాసేవాళ్లకు వదిలేశాం.

అందుకే ఒక సీరియల్ తీసుకొని మాట్లాడుకుందాం. అమెజాన్‌లో 2020లో మొదలైన హిందీ సీరియల్ ‘పంచాయత్’. 2022లో, 2024లో, 2025లో తర్వాతి భాగాలు కూడా వచ్చాయి. ఉత్తరప్రదేశ్ బలియా జిల్లాలో ఫులేరా అని ఒక కల్పిత గ్రామం. వేరే ఉద్యోగం దొరక్క ఒక పట్నం కుర్రాడు పంచాయతీ కార్యదర్శిగా ఆ ఊరికొస్తాడు. సర్పంచి సీటు ఆడవాళ్లకు రిజర్వు. పేరు మంజూదేవిది, పెత్తనం మొగుడిది. మేమూ కడుపుబ్బ నవ్వాం. మొగుడి వేషం వేసిన రఘువీర్ యాదవ్ నటన చూసి తీరాల్సిందే. ఇట్లాంటి ‘సర్పంచి మొగుళ్లు’ మన మండలంలో ఎందరున్నారో మీకు తెలుసు, పేర్లు చెప్పక్కర్లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చి ఆడవాళ్లకు కుర్చీ ఇచ్చింది. కుర్చీలో కూర్చుంటున్నది ఎవరో ఈ సీరియల్ చూపించింది. మొదటి భాగం చివర, గణతంత్ర దినం నాడు జెండా ఎగరెయ్యాల్సింది సర్పంచే గాని సర్పంచి మొగుడు కాదని కలెక్టరు గట్టిగా మందలిస్తే, మంజూదేవి జనగణమన నేర్చుకొని పాడుతుంది. మంచి ఘట్టం. ఆడవాళ్ల సంగతిలో దీనికి కళ్లున్నాయి.

ఆ కళ్లు కులం దగ్గరికొచ్చేసరికి మూసుకున్నాయి. పేర్లు వినండి. కార్యదర్శి అభిషేక్ త్రిపాఠీ. సర్పంచి మొగుడు బ్రిజ్‌భూషణ్ దూబే. ఆఫీసులో సహాయకుడు వికాస్ శుక్లా. ఉపసర్పంచి ప్రహ్లాద్ పాండే. త్రిపాఠీ, దూబే, శుక్లా, పాండే, నాలుగూ బ్రాహ్మణ ఇంటిపేర్లే. పంచాయతీ బల్ల చుట్టూ కూర్చొని టీ తాగుతూ ఊరిని నడిపే నలుగురూ ఒకే కులం! హిందీ పేర్లు కాబట్టి మన చెవికి ఏమీ అనిపించదు. అదే మన ఊళ్లో బల్ల చుట్టూ నాలుగు కుర్చీల్లోనూ ఒకే ఇంటిపేరు వరసవాళ్లు కూర్చుంటే మనం ఊరుకుంటామా? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉత్తరప్రదేశ్‌లో ప్రతి ఐదుగురిలో ఒకరు ఎస్సీ. మాయావతి నాలుగుసార్లు ముఖ్యమంత్రి అయిన రాష్ట్రం అది. ఆ రాష్ట్రంలోని ఊరి కథ ఇన్ని భాగాలు నడిచినా, కథను నడిపే మనుషుల్లో ఆ ఐదోవాడు లేడు.

దీపాల కథ ఉంది చూడండి, అక్కడ ఆగి ఆలోచించాలి. పంచాయతీకి సోలార్ దీపాలొస్తాయి. సభ్యులు ఎవరింటి ముందు వాళ్లు పెట్టించుకోవడానికి పంచుకుంటారు. రాత్రిపూట పరీక్షకు చదువుకుంటాడు కాబట్టి కార్యదర్శికి ఆఫీసు ముందు ఒకటి కావాలి. ఇంకో పక్క ఊరవతల దయ్యం ఉందని భయపడే చెట్టు ఉంది, దీపం అక్కడ పెట్టాలా వద్దా అని గొడవ. కథ సరదాగా నడుస్తుంది. కానీ వీధి దీపం ఎక్కడ వెలగాలన్న చర్చ మొత్తంలో వాడ మాట రాదు. చెట్టుకు దీపం అడిగినవాళ్లున్నారు గాని వాడకు దీపం అడిగినవాళ్లు లేరు! మన ఊళ్లలో కరెంటు స్తంభం ముందు ఎటు వచ్చింది, వాడకు ఎన్నేళ్లకు వచ్చింది? నీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టారు, పైపు ఎక్కడ ఆగింది? 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగపల్లె తాగే చెరువు నీళ్ల దగ్గరే. దీపం ఎక్కడ, నీళ్లు ఎక్కడ అన్నది మనకు తమాషా కాదు.

‘అన్నా, హాయిగా నవ్వుకోవడానికి తీసిందాంట్లో కూడా కులం వెతకాలా?’ అని మన పిల్లలే అంటున్నారు. వెతకక్కర్లేదు తమ్ముడూ, లెక్క పెడితే చాలు. మురికి కాలువ ఎవరు తీస్తారు, చచ్చిన గొడ్డును ఎవరు లాగుతారు, చాటింపు ఎవరు వేస్తారు? ఈ పనులు చేసే మనిషి లేకుండా పంచాయతీ ఒక్క రోజు నడవదు. అలాంటి మనిషికి పేరు, ఇల్లు, కోపం, నవ్వు ఇవ్వకుండా ‘ఇదీ అసలైన పల్లె’ అంటే మనం నమ్మాలా? గొడవల్లేని చల్లని పల్లె అని పట్నంవాళ్లు మురిసిపోతున్నారంటే, గొడవ పడాల్సినవాళ్లను కథలోంచి తీసేశారు గనకే.

ఈ కథే 2024లో తమిళంలోకి, 2025 జనవరిలో తెలుగులోకి వచ్చింది. తెలుగులో పేరు ‘సివరపల్లి’. తెలంగాణ ఊరు, మన యాస, కార్యదర్శిగా రాగ్ మయూర్. యాస వింటే ప్రాణం లేచొస్తుంది. అది వేరే సంగతి. చివర ఉండే పల్లె అంటే మన ఊళ్లలో వాడే గదా! చూసినవాళ్లు మళ్లీ ఒకసారి చూసి, అందులో వాడ ఎక్కడుందో మాకు చెప్పండి.

కులాన్ని సూటిగా పట్టుకున్నవీ ఉన్నాయి. అమెజాన్‌లోనే 2023 మే నెలలో ‘దహాడ్’ వచ్చింది. రాజస్థాన్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్ అంజలి భాటీ కథ, సోనాక్షి సిన్హా వేసింది. వాళ్లు మేఘ్‌వాల్ కులం. కూతురు బతుకు బాగుండాలని తండ్రి ఇంటిపేరు మార్చేస్తాడు. పేరు మార్చినా కులం వదల్లేదు. ఆమె పక్కనుంచి వెళ్లినప్పుడల్లా స్టేషన్లో ఒకడు అగరుబత్తి వెలిగిస్తాడు! ఉద్యోగం చేసే మన పిల్లలకు ఆ అగరుబత్తి వాసన కొత్తకాదు, ఆఫీసును బట్టి తీరు మారుతుందంతే. మాయమైన ఆడపిల్లలు పేదోళ్ల బిడ్డలైతే ఫైలు కదలదన్న సంగతి కూడా బాగా చూపించారు. చివర్లో ఆమె మేఘ్‌వాల్ పేరే మళ్లీ పెట్టుకుంటుంది. ఆ పని మాకు నచ్చింది. నచ్చనిదీ ఉంది. ఆమె ఒంటరి. వెనక సంఘం లేదు, బస్తీ లేదు. యూనిఫారం లేని మేఘ్‌వాల్ ఆడమనిషి ఏం చెయ్యాలో ఆ కథ చెప్పదు.

అదే ఏడాది ఆగస్టులో ‘మేడ్ ఇన్ హెవెన్’ రెండో విడతలో ఒక భాగం వచ్చింది. నీరజ్ ఘేవాన్ తీశారు. తాను దళితుణ్నని బయటికి చెప్పుకున్న డైరెక్టర్ ఆయన. అందులో చదువుకున్న దళిత అమ్మాయి తన పెళ్లి బౌద్ధ పద్ధతిలో కూడా జరగాలని పట్టుబట్టి జరిపించుకుంటుంది. అట్లాంటి పెళ్లిని గౌరవంగా, అందంగా తెర మీద చూడటం మనకు అరుదు. ప్రకాశ్ అంబేడ్కర్ కూడా మెచ్చుకున్నారు. అయితే ఆ పాత్రలో తన జీవితం, 2019లో తను రాసిన పుస్తకం ఉన్నాయనీ, తనకు పేరు ఇవ్వలేదనీ రచయిత్రి యాషికా దత్ అన్నారు. తీసినవాళ్లు కాదన్నారు. ఆ తగువు మనం తీర్చలేం గాని, మన బతుకు తెర మీదికి ఎక్కినప్పుడు పేరు ఎవరిది, డబ్బు ఎవరిది అని అడగడం మాత్రం నేర్చుకోవాలి. రాసే గదిలో మనవాళ్లు ఎంతమంది అని కూడా.

నచ్చనిదాన్ని ఆపెయ్యమని కేకలెయ్యడం మన పని కాదు. ఆ ఆయుధం మన చేతిలో కంటే మన మీద ఎక్కువ తిరుగుతుంది. నిజంగా కులం పేరుతో అవమానించే మాట వస్తే, 2021 ఐటీ రూల్స్ ప్రకారం ప్రతి కంపెనీ ఫిర్యాదులు తీసుకునే అధికారిని పెట్టాలి, ఆయన 15 రోజుల్లో తేల్చాలి. తెలుసుకొని ఉంచుకోండి. మిగతాదానికి మన అభిప్రాయం చాలు. కానీ అది రాసి ఉండాలి.

చూసినవాళ్లు ఒక అరఠావు రాసి పత్రికకు పంపండి. సీరియల్ పేరు, కథ ఏ ఊళ్లో జరిగింది, అందులో మనవాళ్లు ఏ పని చేస్తూ కనిపించారు, వాళ్లకు పేరుందా, మాట్లాడారా, మీకు ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ కడుపు మండింది. రాయడం రానివాళ్లు చెప్పండి, పిల్లలు రాస్తారు. వచ్చే ఆదివారం కమ్యూనిటీ హాల్లో ‘దహాడ్’ మొదటి భాగం వేస్తాం. హిందీ రానివాళ్లకు ఇంటర్ చదివే పిల్లలు పక్కన కూర్చొని చెప్తారు. ఆడవాళ్లు వంట పని ముగించుకొని రావాలి కాబట్టి ఎనిమిదిన్నరకు పెడుతున్నాం.