పదకొండు మందికి ఒక్క పిలుపు



అమెరికన్ ఫుట్‌బాల్ అనగానే శిరస్త్రాణాలు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే మొరటు ఆట అనుకుంటాం. మనమెరిగిన ఫుట్‌బాల్‌కూ దీనికీ పేరులోనే పోలిక. ఇందులో బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, విసరవచ్చు. అయితే ఈ మొరటు ఆట నడిచేదంతా మాట మీద. ఆ సంగతే ఈరోజు మీతో ముచ్చటిస్తాను.

జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. వాటిలో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు. ఒక్కో అవకాశానికి ముందు ఆట ఆగుతుంది. చెడుగుడులో కూతకూ కూతకూ మధ్య ఎడం లాంటిదనుకోండి. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పోటీల్లో ఆ ఎడం మామూలుగా 40 సెకన్లు. ఆలోగా ఎవరెక్కడ నిలవాలో, ఎటు పరుగెత్తాలో అందరికీ తెలియాలి.

నిలబడే తీరును మోహరింపు అందాం. కనీసం ఏడుగురు బంతి ఉన్న గీత మీద ఉండాలి. ఆట నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని వెనుక ఇద్దరు వరుసగా నిలిస్తే ఇంగ్లీషు ‘ఐ’ అక్షరంలా కనిపిస్తుంది. అదే ఐ ఫార్మేషన్. తోసుకుంటూ పరుగెత్తడానికి అనువు. క్వార్టర్‌బ్యాకే అయిదు గజాలు వెనక్కి జరిగి నిలిస్తే షాట్‌గన్. మైదానమంతా చూసి విసరడానికి అనువు.

ఇక పిలుపు. ఆటగాళ్ళు గుండ్రంగా మూగి పిలుపు వినడాన్ని హడిల్ అంటారు. 1890ల్లో వాషింగ్టన్‌లోని గాలొడెట్ బధిరుల కళాశాల జట్టు దీన్ని మొదలుపెట్టిందని చెబుతారు. వాళ్ళ భాష చేతి సైగలు. ఎదుటివాళ్ళూ బధిరులే అయితే ఆ సైగలు చదివేస్తారు కదా! అందుకని వలయం కట్టి చేతులు మరుగు చేసుకున్నారట. 1994 నుంచి లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్ శిరస్త్రాణంలో చిన్న రేడియో పెట్టారు. కోచ్ మాట అందులో వినిపిస్తుంది. గడువులో 15 సెకన్లు మిగలగానే అది మూగబోతుంది.

పిలిచే పద్ధతులు ముఖ్యంగా మూడు. డాన్ కోరియల్ పద్ధతి అంకెలది. పరుగెత్తే దారులకు అంకెలుంటాయి. తొమ్మిదంటే తిన్నగా పోవడం. ‘ఎనిమిది, తొమ్మిది, ఆరు’ అంటే ముగ్గురు ఎవరి అంకె వారు అందుకుంటారు. రెండోది 1979 నుంచి 1988 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును నడిపిన బిల్ వాల్ష్‌ది. అందులో పిలుపు వాక్యమంత పొడుగు. ఒక్కొక్కరి పనీ విడివిడిగా వినిపిస్తుంది. మూడోది రాన్ ఎర్‌హార్ట్, రే పెర్కిన్స్ 1970ల్లో న్యూ ఇంగ్లండ్ జట్టులో తీర్చినది. అందులో ముగ్గురు చేసే పనికి కలిపి ఒకే పేరు. ‘ఘోస్ట్’ అంటే బయటివాడు లోతుకు తిన్నగా పోవాలి, ఒకడు నడిమి దూరంలో పక్కగీత వైపు తిరగాలి, మూడోవాడు దగ్గరలోనే అటు మళ్ళాలి. ఎవరు ఏ చోట నిలిస్తే ఆ చోటి పని వారిది.

గమనించండి. పిలుపు పొట్టిదయ్యే కొద్దీ ముందుగా నేర్వవలసింది పెరుగుతుంది. పొడుగు పిలుపులో తన వంతు వింటే చాలు. ఒక్క మాట పిలుపులో పక్కవాడి పని కూడా తెలియాలి. ఇంకో చిక్కుంది. జట్టు మారిన ఆటగాడికి పరుగు పాతదే, పేరు కొత్తది. కాళ్ళలో సత్తువ ఉన్నా ఒక్క క్షణం తటపటాయిస్తాడు. చూసేవారికి చేతకానివాడిలా కనిపిస్తాడు.

సరిహద్దు జిల్లాల పంతులుగా నాకు ఈ ఆటగాడు బాగా తెలిసినవాడే. తెలుగు బడిలో క.సా.గు. అన్నది కన్నడ బడిలో ల.సా.అ. అవుతుంది. లెక్క అదే. బడి మారిన పిల్లవాడు బల్ల ముందు నిలబడిపోతే మనం మొద్దు అనేస్తాం. వాడికి రానిది లెక్కా, పిలుపా? ముందు అది కనుక్కోండి. పిలుపైతే, కొన్నాళ్ళపాటు పొడుగు పిలుపుతో చెప్పండి: ఈ రెండు అంకెల గుణిజాలు రాయి, రెండింటిలోనూ ఉన్నవి చూడు, అన్నిటికన్నా చిన్నది తీసుకో. చేసి చూపిస్తాడు. ఆ పైన మూడక్షరాల పిలుపు వాడికీ చాలు. ఇంట్లో తల్లిదండ్రులు తమకు వచ్చిన భాషలోనే ఈ మాట చెప్పవచ్చు.